ప్రొవోస్టు వంటి పదవికి మన దగ్గర దారి ఏది?

నమస్కారం. కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో 18 ఏళ్లుగా వృక్షశాస్త్రం బోధిస్తున్నాను. కోటిపల్లి రేవులో పంటు కోసం ఎదురుచూస్తూ, సంచిలోని సిలబస్ కాగితాలు తడవకుండా చూసుకోవడం నాకు అలవాటే. ఏ పేపరు ఏ సెమిస్టరులో ఉండాలి, ఎవరు చెప్పాలి అన్న ఆలోచనే నాకు పాఠం చెప్పడం కంటే ఎక్కువ నచ్చుతోందని (మా ఇంట్లోవారికి ఇది వింతగా ఉంది) ఈ మధ్యే గ్రహించాను.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా ప్రెసిడెంటు తర్వాతి స్థానంలో ఉండే ప్రొవోస్టు డీన్లను పర్యవేక్షిస్తూ, అధ్యాపకుల నియామకాలు, పదోన్నతులు, విద్యా విభాగాల బడ్జెట్టు చూస్తారని, చాలామంది శాఖాధిపతిగా, డీన్‌గా పనిచేశాకే అక్కడికి చేరతారని చదివాను. మన దగ్గర ఆ బాధ్యత రెక్టారుకు (ప్రో వైస్ ఛాన్సలరు వంటి పదవి), డీన్లకు మధ్య చీలినట్టు కనిపిస్తుంది. రిజిస్ట్రారుది ప్రధానంగా పరిపాలన కనుక దానిని పక్కన పెడుతున్నాను. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ప్రో వైస్ ఛాన్సలరును ఉపకులపతి (వైస్ ఛాన్సలరు) సిఫారసు మీదే నియమిస్తారు, అంటే దరఖాస్తు పెట్టి పొందే ఉద్యోగం కాదు.

ప్రస్తుతం నేను అసోసియేట్ ప్రొఫెసర్‌ను. ముందుగా ఏదైనా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవికి ప్రయత్నించాలా, లేక ప్రిన్సిపాల్‌గా కొన్నేళ్లు పనిచేసి ప్రైవేటు విశ్వవిద్యాలయంలో అకడమిక్ డీన్‌గా వెళ్లవచ్చా? ఆ పదవుల్లో పనిచేసినవారు, అక్కడ సిలబస్ పనికి నిజంగా ఎంత సమయం దొరుకుతుందో కూడా దయచేసి తెలియజేయగలరు.