లైవ్ రాక్‌తో (జీవులతో సహా అక్వేరియంలో పెట్టే సముద్రపు రాయి) రెండు జీవులొచ్చాయి, ఏంటివి?

కడప నుంచి ప్రశ్న:
అన్నా, 100 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, సెలినిటీ (నీటి ఉప్పదనం) 1.025, వేడి 27 డిగ్రీలు. రాయి మీద గోధుమరంగు పువ్వు మాదిరి ఒకటుంది, చుట్టూ దారాల్లాంటి చేతులు. ముట్టుకుంటే సర్రున బొక్కలోకి పోతాది. రాత్రి టార్చి వేస్తే గులాబీరంగు పురుగు, రెండు పక్కలా తెల్లటి నూగు. రెండూ పీకేయాల్నా?

అనంతపురం నుంచి:
పువ్వులాంటిది ఐప్టేసియా, ట్యాంకులో తెగులులా పెరిగే చిన్న సముద్ర జీవి. పీకొద్దు, గీకొద్దు తమ్ముడూ. చిటికెడు ముక్క రాయికి అంటుకుని మిగిలినా మళ్లీ మొలుస్తుంది. పంపులన్నీ ఆపి, కాల్క్‌వాసర్ (కాల్షియం హైడ్రాక్సైడ్) పొడిని ఆర్వో నీళ్లలో చిక్కటి పేస్టులా కలిపి, సిరంజితో మెల్లగా దాని నోటి మీద వదులు. తొందరపడి పొడిస్తే ముడుచుకుని లోపలికి పోతుంది, మందు వృథా. పావుగంట తర్వాత పంపులు వేయి. రోజుకు రెండు మూడింటికి మించి వద్దు, పీహెచ్ ఎగబాకుతుంది. పొడి చర్మాన్ని కాలుస్తుంది, గ్లవ్స్ తప్పనిసరి.

కర్నూలు నుంచి:
పురుగు బ్రిసిల్ వర్మ్. మిగిలిపోయిన మేత తినేస్తుంది, ఉండనీ. వట్టి చేత్తో మాత్రం పట్టుకోవద్దు. ముళ్లు దిగితే టేపు అంటించి లాగెయ్. గుంపులుగా పెరిగాయంటే మేత ఎక్కువ వేస్తున్నావని అర్థం.

అనంతపురం నుంచి, మళ్లీ:
ఐప్టేసియాను తినడానికి పెప్పర్‌మింట్ రొయ్య కొంటే వీపు చూసి కొను. వీపు మీద గూని, తెల్ల చారలు ఉంటే అది క్యామెల్ రొయ్య, పగడాలను కొరుకుతుంది.