హగియా సోఫియా గుమ్మటం ఎందుకు కూలింది?

ప్రశ్న: కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) 537లో పూర్తయిన చర్చి. 558లోనే గుమ్మటం పడిపోయింది. భూకంపం ఒక్కటే కారణమా?

జవాబు 1: కాదండీ. తొందర కూడా. అంత కట్టడాన్ని ఆరేళ్లలోపే లేపేశారు. ఇటుక పొడి కలిపిన సున్నం మెల్లగా గట్టిపడుతుంది. పైగా అక్కడ ఇటుక మందం కన్నా మధ్యలో సున్నం పొరే ఎక్కువ. అది గట్టిపడకముందే పైబరువు పడేసరికి స్తంభాలు బయటికి ఒరిగాయి.

జవాబు 2: మొదటి గుమ్మటం మరీ చదునుగా ఉండేది, అదీ ముఖ్యమే. ఎత్తు తగ్గేకొద్దీ పక్కలకు తోపుడు పెరుగుతుంది. అందుకే శిల్పి చిన్న ఇసిడోరస్ సుమారు 20 అడుగులు ఎత్తు పెంచి 562కి మళ్లీ కట్టాడు. చాలా తెలివైన దిద్దుబాటు!

ప్రశ్న: అంటే ఇప్పుడున్నది 562 నాటిదేనా?

జవాబు 1: ఉత్తర, దక్షిణ భాగాలు మాత్రమే. పడమటి వైపు 989 భూకంపంలో దెబ్బతింటే ఆర్మేనియా శిల్పి త్రిదత్ బాగుచేశాడు. తూర్పు వైపు 1346లో కూలింది.