విరిగిన పెట్రోల్ మూతి: ఎపాక్సీతో సరిపెట్టాలా, ఇత్తడి గొట్టం వేయాలా, కార్బొరేటరే మార్చాలా?

పాతబండి: పాత 150 సీసీ బండి. కార్బొరేటర్‌కి పెట్రోల్ పైపు తొడిగే మూతి విరిగిపోయింది. బాడీకి అంటుకుని 3 ఎంఎం మొండెం మిగిలింది, విరిగిన ముక్క కూడా ఉంది. ఆ మూతి విడిగా దొరకదు. ఎపాక్సీ జిగురుతో అతికిస్తే నిలుస్తుందా? కొందరు ఔనంటున్నారు, కొందరు ససేమిరా అంటున్నారు. కారణాలతో సహా చెప్పగలరు.

ఇత్తడిపని: ముక్కకు ముక్క ఆనించి అతికించొద్దండీ. బయట 6 ఎంఎం, లోపల 4 ఎంఎం ఉన్న మూతికి విరిగిన చోట దొరికే అంచు 16 చదరపు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఎపాక్సీ పట్టు మొత్తం ఆ కాస్త మీదే. పెట్రోల్ ఒత్తిడికి ఊడుతుందని కాదు, ట్యాంకు అర మీటరు ఎత్తున ఉన్నా అక్కడ పడేది 0.04 బార్ లోపే. ఊడేది పైపు లాగుడుకి, ఇంజిన్ అదురుకి. పైగా లోహపు రంధ్రాల్లో పెట్రోల్ జిడ్డు ఉండిపోతే ఎపాక్సీ పైపైన గట్టిపడుతుంది గానీ పట్టదు.

ముందు ఒకటి చూసి చెప్పండి. మూతి పసుపుగా ఉందా, బాడీ రంగులోనే ఉందా? పసుపైతే బాడీలోకి దిగ్గొట్టిన ఇత్తడి గొట్టం, బయటికి లాగి కొత్తది వేయొచ్చు. బూడిద రంగైతే బాడీతో కలిపి పోత పోసింది, దాని దారి వేరు.

జెట్‌సూది: లెక్క బాగుంది, కానీ తీర్పుతో ఏకీభవించను. అంచుకి అంచు ఎవరు అతికించమన్నారు? లోపల తొడుగు వేసి అతికించాలి. బయట 4 ఎంఎం, లోపల 3 ఎంఎం ఉన్న ఇత్తడి గొట్టం 20 ఎంఎం కోసి, సగం బాడీలోకి, సగం విరిగిన ముక్కలోకి దించండి. ఒక్కో వైపు 10 ఎంఎం పొడవుకి అంటుకునే వైశాల్యం 125 చదరపు మిల్లీమీటర్లు, అంచుతో పోలిస్తే ఎనిమిది రెట్లు. మూతిని వంచే బలాన్ని గొట్టం మోస్తుంది, ఎపాక్సీ సందు మూస్తుంది, అంతే. దించేముందు బాడీ వైపు బెజ్జం 10 ఎంఎం తిన్నగా ఉందో లేదో సన్నని తీగతో కొలవండి. నీడిల్ సీటు (పెట్రోల్‌ని ఆపే సూది కూర్చునే చోటు) దగ్గర దారి మలుపు తిరుగుతుంది, గొట్టం అక్కడ అడ్డం పడకూడదు.

3 ఎంఎం బెజ్జం చాలదని భయపడక్కర్లేదు. 150 సీసీ ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో తాగేది నిమిషానికి సుమారు 70 మిల్లీలీటర్లు. ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ వద్దు, 24 గంటల రకం తీసుకోండి. పెట్రోల్‌ని తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉండాలి, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి మామూలు పుట్టీ మెత్తబడుతుంది. అతికించేముందు 80 నంబరు గరుకు కాగితంతో గరుకు చేసి, అసిటోన్‌తో రెండుసార్లు కడిగి ఆరనివ్వండి.

పాతబండి: పసుపే, ఇత్తడి. సోల్డరింగ్ పనికిరాదా?

ఇత్తడిపని: వద్దు. బాడీ జింకు మిశ్రమం, 380 డిగ్రీల దగ్గర్లోనే కరిగిపోతుంది. కరిగేముందు ఎర్రబడదు, ఉన్నట్టుండి కూలిపోతుంది. గ్యాస్ మంట పెడితే కార్బొరేటర్ మీద ఆశ వదులుకోవడమే.

ఇత్తడి కాబట్టి ఇలా తీయండి. ముందు ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలుతూ నీడిల్‌ని మూసే బుడ్డి), నీడిల్, సీటు, రబ్బరు సీళ్లు అన్నీ విప్పేయండి. మొండెం బెజ్జాన్ని 4.2 ఎంఎం డ్రిల్‌తో సవరించి ఎం5 ట్యాప్‌తో (5 ఎంఎం మర కోసే పనిముట్టు) మర తీయండి. ట్యాప్‌కి గ్రీజు దట్టంగా పూస్తే లోహపు రజను దానికే అంటుకుంటుంది. బాడీని మరిగిన నీళ్లలో పది నిమిషాలు ఉంచండి, జింకు ఇత్తడి కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. ఎం5 బోల్టుకి నట్టు, వాషరు ఎక్కించి, మొండెం దూరేంత వెడల్పున్న స్పేసర్ గుండా బోల్టుని మర పట్టించండి. బోల్టు తిరక్కుండా పట్టుకుని నట్టు బిగిస్తే మొండెం తిన్నగా బయటికొస్తుంది. పట్టకారుతో మెలితిప్పితే బెజ్జం అంచు పగులుతుంది.

కొత్త గొట్టం బెజ్జం కంటే 0.02 నుంచి 0.03 ఎంఎం లావుండేలా లేత్ మీద తీయించాలి. అంతకు మించితే బాడీ చీలుతుంది, పోత లోహం సాగదు. ఆకుపచ్చ రిటైనింగ్ కాంపౌండ్ (గొట్టాన్ని బెజ్జంలో కదలకుండా పట్టే జిగురు) సన్నగా పూసి, వైస్‌లో నిదానంగా నొక్కండి. సుత్తి వాడొద్దు. 24 గంటలు ఆగాలి.

గేజి: మీరిద్దరూ మరిచిన సంగతి, అసలు ఎందుకు విరిగింది? గట్టిపడ్డ పాత పైపుని మెలితిప్పి లాగడం వల్లే ఈ మూతులు విరుగుతాయి. పైపుని బ్లేడుతో నిలువునా చీల్చి తీయాలి. కొత్త పైపు కాస్త వదులుగా ఒంపు తిరగాలి, బరువైన ఫిల్టర్‌ని మూతికి వేలాడదీయకూడదు. ఇది సరిచేయకపోతే ఏ పద్ధతైనా ఒకటే.

బెజ్జం చుట్టూ వెంట్రుకంత పగులున్నా బాడీ మార్చాల్సిందే, ఇందులో నా మాట మార్చను. కారే పెట్రోల్ కింద సైలెన్సర్ ఉంటుంది. ఫ్లోట్ నీడిల్ మూసుకున్నా ఈ మూతి దానికి పైనే కాబట్టి కారడం ఆగదు, ట్యాంకు కాక్ కట్టేస్తేనే ఆగుతుంది.

జెట్‌సూది: పగులుంటే మార్చాలి, ఒప్పుకుంటాను. మొండెం బయటికొచ్చిందంటే ఇత్తడిపని గారి పద్ధతే మెరుగు. పోత మూతికీ, లేత్ అందుబాటులో లేనివాళ్లకీ మాత్రం లోపలి తొడుగే నా సలహా.

ఇత్తడిపని: పోత మూతికైతే మొండెం చదును చేసి, 5 ఎంఎం డ్రిల్ వేసి, ఎం6 మర తీసి, మర ఉన్న ఇత్తడి మూతి బిగిస్తాను. బెజ్జం చుట్టూ కనీసం 1.5 ఎంఎం గోడ మిగలాలి. మిగలకపోతే తొడుగే గతి, అక్కడ మీ మాటే చెల్లుతుంది.

గేజి: ఏది చేసినా బండికి ఎక్కించేముందు బల్ల మీద పరీక్షించండి. సీటు దారిలోంచి మూతి వైపుకి, అంటే పెట్రోల్ వచ్చే దిశకి ఎదురుగా, గాలి కొట్టి రజను తీసేయండి. ఒక్క రజను ముక్క సీటు మీద కూర్చుంటే నీడిల్ మూసుకోదు, పెట్రోల్ ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. తర్వాత ఫ్లోట్, నీడిల్ బిగించి, అర మీటరు ఎత్తు నుంచి పైపుతో కిరోసిన్ పెట్టి, జాయింట్ చుట్టూ తెల్ల కాగితం చుట్టి అరగంట ఉంచండి. మచ్చ పడితే విప్పి మళ్లీ చేయాల్సిందే, పైన ఇంకో పూత పూస్తే ఆగదు. బండికి ఎక్కించాక ఇంజిన్ వేడెక్కినప్పుడు ఒకసారి, పూర్తిగా చల్లారాక ఒకసారి వేలితో తడిమి చూడండి.