సమస్యాపూరణం: మూత వాసనఁ జూచిన ముక్తి గలుగు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి పాదం.

మూత వాసనఁ జూచిన ముక్తి గలుగు

హోటల్లో వైన్ తెరిచినప్పుడు బిరడా తీసి మన ముందు పెడతారు కదా, అది మనసులో పెట్టుకుని ఇచ్చాను. విశాఖ గాలి తగిలితే మరీ మంచిది. యతి (పాదం మొదటి అక్షరంతో పొసగాల్సిన అక్షరం) నాలుగో గణం మొదటి అక్షరం, ప్రాసయతి (బదులుగా రెండో అక్షరాలు కలపడం) చెల్లుతుంది. 21 నిండనివాళ్లు పద్యం రాయవచ్చు, తాగకూడదు.

భీమిలి బాబాయి:

గ్లాసు గిరగిర తిప్పుచుఁ గనులు మూసి
బావ సెలవిచ్చె సర్వరు పాపమనఁగ,
"ఏల సింహాద్రి మెట్లెక్క నింకమీఁద?
మూత వాసనఁ జూచిన ముక్తి గలుగు!"

నిర్వాహకుడు: బాబాయ్ గారూ, సమస్యను బావ నోట్లో పెట్టేసి మీరు తప్పుకున్నారు. పాత ఎత్తే, కానీ సింహాద్రి మెట్లు పడేసరికి పద్యం మన ఊరిదైపోయింది. "మెట్లెక్క నింక" దగ్గర ఏ-ఇ స్వరయతి శుభ్రంగా కుదిరింది. గ్లాసు తిప్పడాన్ని మాత్రం ఎగతాళి చేయకండి. తిప్పితే వాసన పైకి లేస్తుంది, అందులో పని ఉంది. కళ్లు మూసుకోవడమే వేషం.

ఉక్కునగరం మాస్టారు:

తడిసినట్టి యట్టల కంపు తగిలెనేని
సీసఁ దిప్పి పంపఁగ వచ్చు సిగ్గుపడక;
పాడు సరుకుకుఁ జెల్లించు బాధ నుండి
మూత వాసనఁ జూచిన ముక్తి గలుగు.

నిర్వాహకుడు: ఛందస్సుకు వంక పెట్టలేను. "సిగ్గుపడక" ఈ పద్యానికి ప్రాణం. పేచీ అంతా విషయంలోనే. బిరడా వాసన చూస్తే మామూలుగా బిరడా వాసనే వస్తుంది మాస్టారూ. శుభ్రంగా కనిపించే బిరడా కింద చెడిన వైన్ ఉండొచ్చు. మీరన్న తడి అట్ట కంపుకు కారణం ట్రైక్లోరోఅనిసోల్, పొట్టిగా టీసీఏ. బిరడా చేసే ఓక్ బెరడులో బూజు చేరి, అక్కడి క్లోరిన్ పదార్థాలతో కలిస్తే పుడుతుంది. ఒంటికి హాని లేదు, వైన్‌లోని పండు వాసనను మాత్రం చంపేస్తుంది. దాన్ని పట్టాల్సింది గ్లాసులో. సర్వర్ ముందు ఓ గుక్కెడు పోసి నిలబడేది అందుకే. "నచ్చిందా?" అని కాదు, "పాడవలేదు కదా?" అని. కాబట్టి ఓసారి వాసన చూసి "బాగుంది, పోయండి" అంటే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. సరుకు బాగుండి మనకు నచ్చకపోతే ఆ బిల్లు మనదే.

ఉక్కునగరం మాస్టారు: మరి బిరడా మన ముందు పెట్టడం దేనికండీ?

నిర్వాహకుడు: దాని మీద ముద్రించిన పేరూ లేబుల్ మీద పేరూ ఒకటేనా అని చూసుకోవడానికి. మరీ ఎండి పొడిపొడిగా రాలుతోందేమో కూడా తెలుస్తుంది. నాసిక్ నుంచి వచ్చే సీసాల్లో చాలావాటికి స్క్రూ క్యాపే, వాసన చూడ్డానికి అసలు బిరడాయే ఉండదు. స్క్రూ క్యాప్ అంటే నాసిరకం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకు మీ పద్యం పంపించండి.

గాజువాక కుర్రాడు: అందరికీ నమస్కారం. మొదటి ప్రయత్నం. బీచ్ రోడ్డులో ఒక హోటల్లో వైన్ లిస్టు చూస్తే వచ్చిన టెన్షన్‌లో పుట్టింది.

పేర్లు తెలియని జాబితా పెనుభయమ్ము;
ధరను వేలితోఁ జూపిన చాలునంట;
ఎవఁడు చెప్పెను మనతోడ నిట్టి మాట,
"మూత వాసనఁ జూచిన ముక్తి గలుగు"?

నిర్వాహకుడు: స్వాగతం తమ్ముడూ. గణాలన్నీ సరిపోయాయి. రెండో పాదంలో యతి తప్పింది, "ధ"కు "చా" పొసగదు.

లాసన్స్ బే కోడలు: "ధరను వేలితోఁ జూపినఁ దనకుఁ దెలియు" అంటే?

నిర్వాహకుడు: కుదిరిందమ్మా. సర్వర్‌కే తెలుస్తుందన్న అర్థమూ వచ్చింది. ఈ కిటుకు నిజంగా పనిచేస్తుంది. లిస్టులో మన జేబుకు సరిపడే ధర మీద వేలు పెట్టి "ఇలాంటిది ఏదైనా చెప్పండి" అంటే, పక్కన కూర్చున్న చుట్టాలకు అంకె వినపడదు. ఫ్రెంచి పేరు పలకలేక నోరు తిరగని బాధా తప్పుతుంది. ఇద్దరే ఉంటే సీసా ఎందుకు, గ్లాసు లెక్కన అడగండి. 750 మిల్లీలీటర్ల సీసాలో 150 చొప్పున ఐదు గ్లాసులొస్తాయి.

లాసన్స్ బే కోడలు: ఇక నాది.

వలదు ద్రాక్షారసము నాకు, వంజరంపు
పులుసు నిన్నటి దత్తమ్మ పొయ్యిమీఁద
మరలఁ గాచెను, కుండలో మసలుచుండ
మూత వాసనఁ జూచిన ముక్తి గలుగు.

నిర్వాహకుడు: మూత మార్చేశారు! సమస్య అన్నాక ఇలా విరవాలి. ఈ వారానికి నా ఓటు దీనికే.

భీమిలి బాబాయి: వంజరం చేప పులుసుతో వైన్ వద్దనడం అన్యాయం తల్లీ. మా అబ్బాయి తెచ్చిన ఎర్రది ఉంది, పట్టుకురమ్మంటావా?

నిర్వాహకుడు: ఎర్రది వద్దు బాబాయ్ గారూ. అందులోని వగరు కారాన్ని ఎగదోస్తుంది, నోరు మండిపోతుంది. కొంచెం తీపి మిగిలిన తెల్లది, చెనిన్ బ్లాంక్ లాంటిది, బాగా చల్లబరిచి తేండి. ఎర్రదే కావాలంటే వేపుడు మాంసంతో తాగండి, అదీ ఓ పది నిమిషాలు ఐసు బకెట్‌లో ఉంచాక. ఎర్రదాన్ని గది వేడిమిలోనే తాగాలన్నది చలిదేశాల మాట. దానికి 15 నుంచి 18 డిగ్రీలు చాలు, మన ఊళ్లో మే నెల గది ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? హోటల్లోనైనా మొహమాటం లేకుండా ఐసు అడగండి.

లాసన్స్ బే కోడలు: అత్తమ్మకు పద్యం చదివి వినిపించానండీ. "నిన్నటి పులుసును ఎవరైనా కాస్తారా? వెచ్చబెట్టాను అని రాయి" అంటున్నారు. గణం చెడుతుందేమోనని భయం.

నిర్వాహకుడు: చెడదు. "మరల వెచ్చఁ బెట్టెను కుండ మసలుచుండ" అని చూడండి. ర గణం, సల గణం, యతి కూడా భద్రం. ఆవిడ మాటే ఖాయం చేస్తున్నాను.