“పుచ్చుకుంటినమ్మ” అనడం ఎప్పుడు మానేశాం?

సంక్రాంతి నాటి పొద్దున, ఈ మధ్యే మా వీధిలో అద్దెకు దిగిన ఆవిడ ఆత్రేయపురం పూతరేకుల డబ్బా, ఒక జాకెట్టు గుడ్డ, రెండు కొబ్బరికాయలు పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డారు. ఆవిడకు ఇవ్వడానికి నేనేమీ తెచ్చి పెట్టుకోలేదు. ఆ సిగ్గుతో, “అయ్యో, ఎందుకండీ ఇవన్నీ!” అన్నాను. ఒకసారి అంటే మర్యాద. నేను మూడుసార్లు అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. లోపలి నుంచి మా అత్తగారు, “ముందు ఆవిడను లోపలికి పిలిచి, పుచ్చుకో అమ్మా” అన్నారు. గుమ్మానికి అటొకరూ ఇటొకరూ నిలబడి ఇచ్చిపుచ్చుకోకూడదని ఆవిడ పట్టింపు.

అప్పటి నుంచి ఈ క్రియ నన్ను వదలడం లేదు. శ్రావణ మాసంలో నానబెట్టిన శనగలు ఒళ్లో పోస్తూ “ఇస్తినమ్మ వాయనం” అంటాం. అవతలి వారు “పుచ్చుకుంటినమ్మ వాయనం” అంటారు. ఇస్తిని, పుచ్చుకుంటిని: రెండూ ఉత్తమ పురుషలో ఉన్న పాత భూతకాల రూపాలు, ‘అమ్మ’తో సంధి కలిశాయి. ఇద్దరూ ‘నేను’ అనే మాట్లాడుతున్నారు. ఎంత గడుసు మాటలో చూడండి! బతిమాలడం లేదు, మొహమాటం లేదు, కృతజ్ఞత చెప్పడం కూడా లేదు. పుచ్చుకున్నానని పైకి అనడమే జవాబు.

తీసుకోవడానికి ఎదుట మనిషి అక్కరలేదు, బల్ల మీది పుస్తకమైనా తీసుకోవచ్చు. పుచ్చుకోవాలంటే ఇచ్చే చెయ్యి ఉండాలని నా ఊహ. తాంబూలాలు పుచ్చుకున్నారంటే పెళ్లి కుదిరినట్టే. సెలవు పుచ్చుకుంటాం. ఆఖరికి లంచమైనా ఎవరో ఒకరు ఇస్తేనే పుచ్చుకునేది.

రాజోలు వైపు నుంచి ఒకరు:
ఊహ బాగుంది కానీ నిలవదండీ. “కర్ర పుచ్చుకుని బయలుదేరాడు” అంటాం. ఆ కర్ర ఎవరిచ్చారు? అక్కడ చేత పట్టుకోవడమే అర్థం.

దస్తావేజులు రాసే ఒక పెద్దాయన:
మీ అత్తగారిది చట్టం మాట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షన్ ప్రకారం, దానం పొందేవారు దాన్ని స్వీకరించాలి, అదీ ఇచ్చేవారు బతికి ఉండగానే. స్వీకరించకముందే పొందేవారు చనిపోతే ఆ దానం చెల్లదు. ఇచ్చినంత మాత్రాన ఇచ్చినట్టు కాదు.

మొదట రాసినావిడ:
కర్ర విషయంలో మీ సవరణ పుచ్చుకుంటిని! తాంబూలాల దగ్గర మాత్రం నా మాట వదలను. సెక్షన్ సంగతి చదివి వినిపిస్తే మా అత్తగారు, “దానికి చట్టం కూడా కావాలా?” అన్నారు.

కనుమ నాడు మినుము తినాలి కదా, గారెలు వేసి స్టీలు గిన్నెలో ఆ పూతరేకులు తెచ్చినావిడకు పట్టుకెళ్లాను. ఆవిడ “రండి, కూర్చోండి” అంటూ రెండు చేతులా అందుకుని, మూత తీసి, నా ఎదుటే ఒక గారె తుంచి నోట్లో వేసుకున్నారు. ఎందుకండీ అనే మాటే లేదు. గిన్నె ఇంకా వాళ్లింట్లోనే ఉంది. ఖాళీగా తిప్పి పంపకూడదు కాబట్టి, అందులో ఏం వేసి పంపాలా అని చూస్తున్నారేమో.