ఫీజు రీయింబర్స్‌మెంట్‌పై వినతిపత్రం రాస్తున్నాం: "బకాయిలు విడుదల చేయాలి" అన్నది కాక ఇంకేం అడగాలి?

మానేరు_తీరం:
అందరికీ నమస్కారం. తెలంగాణలోని మా జిల్లాలో తల్లిదండ్రులు, డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలు కలిసి ఎమ్మెల్యే గారికి, కలెక్టర్ గారికి ఇవ్వడానికి వినతిపత్రం తయారు చేస్తున్నారు. రాసే పని నాకు అప్పజెప్పారు. ఏటా ఇదే తంతు: బకాయిలు ఇవ్వాలని అడగడం, కొంత రావడం, మళ్లీ ఆగడం. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినప్పుడూ చర్చలన్నీ ఇప్పుడెంత, తర్వాతెంత అన్నదాని చుట్టూనే తిరిగాయి. పద్ధతి మారాలని అడిగినవాళ్లు తక్కువ.

తెలిసినవాళ్లు చెప్పండి. డబ్బు సరిగ్గా ఏ మెట్టు దగ్గర ఆగుతుంది? ఫీజు కాలేజీ ఖాతాలో వేయడం మేలా, ఇంటివాళ్ల ఖాతాలోనా? ఇంజనీరింగ్‌లో బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) పిల్లలకు పెట్టిన 35 వేల పరిమితి మీద ఏమని అడగాలి? ఆంధ్రలో ఎలా నడిచిందో తెలిసినవాళ్లు ఉంటే అదీ రాయండి.

ఖజానా_కిటికీ:
మంచి పని చేస్తున్నారండి. ముందు దారి మొత్తం చూద్దాం. ఈపాస్‌లో (ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్) విద్యార్థి దరఖాస్తు, ఆధార్ బయోమెట్రిక్, కాలేజీ ధ్రువీకరణ, జిల్లా సంక్షేమ అధికారి పరిశీలన, మంజూరు, బిల్లు, ట్రెజరీ టోకెన్ (బిల్లు అందాక ఖజానా ఇచ్చే నంబరు), చివరికి చెల్లింపు. మంజూరు దాకా జరిగే ఆలస్యం నెలల్లో ఉంటుంది, దాన్ని వెంటపడి తగ్గించుకోవచ్చు. అసలు ఆగేది టోకెన్ పడ్డాక.

దీనికి కారణం ఉంది. బడ్జెట్‌లో కేటాయింపు చూపిస్తారు, బడ్జెట్ విడుదల ఉత్తర్వు కూడా ఇస్తారు. ఆ ఉత్తర్వు అంటే ఖర్చు పెట్టుకోవడానికి అనుమతి మాత్రమే, చేతిలో నగదు కాదు. నెల మొదట్లో ఖజానాలో ఉన్నది జీతాలకు, పింఛన్లకు, అప్పుల కిస్తీలకు పోతుంది. మిగిలినదాంట్లో ఏ టోకెన్‌కు ముందు ఇవ్వాలో ఆర్థిక శాఖ నిర్ణయిస్తుంది. ఫీజు బిల్లు ఫలానా తేదీకి చెల్లించి తీరాలన్న నిబంధన లేదు కాబట్టి వెనక్కి నెట్టడానికి అన్నిటికంటే ముందు అదే దొరుకుతుంది. దానికి తోడు ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈబీసీ, మైనారిటీ పద్దులు వేరువేరు. ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడం అందుకే.

అందుకని "నిధులు కేటాయించాలి" అని రాయకండి. కేటాయింపు ఎలాగూ ఉంటుంది. ఇలా రాయండి:

- ఫీజుల డబ్బు వేరే ఖాతాలో జమ కావాలి, దాన్ని ఇంకో పనికి మళ్లించకూడదు. ట్రస్టు అనండి, నిధి అనండి, పేరు ఏదైనా ఫరవాలేదు.
- అడ్మిషన్ ఖరారైన రెండు నెలల్లోపు ఏడాది ఫీజులో సగం, మిగతా సగం రెండు విడతల్లో. తేదీలు ఉత్తర్వులోనే ఉండాలి.
- జిల్లాల వారీగా, కాలేజీల వారీగా ఏ టోకెన్ ఎన్ని రోజులుగా ఆగి ఉందో ఎవరైనా చూసుకునేలా ఈపాస్‌లోనే పెట్టాలి.

ట్రస్టు పెడితే అన్నీ సర్దుకుంటాయని మాత్రం అనుకోవద్దు. అందులో డబ్బు వేయాల్సింది మళ్లీ ఆర్థిక శాఖే. నెలనెలా ఇంత అని జమ చేయాల్సిన బాధ్యత రాతలో లేకపోతే అది ఖాళీ ఖాతాగానే ఉండిపోతుంది.

గోదారి_గట్టు:
ఆంధ్ర సంగతి నేను చెప్తాను. 2019-20లో విద్యా దీవెన, వసతి దీవెన పేర్లతో పథకాన్ని మార్చారు. వసతి కింద ఐటీఐకి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపైన 20,000, ఏడాదికి రెండు విడతలు. అది స్పష్టంగా ఉండేది, బాగుండేది. ఆదాయ పరిమితి కూడా అందరికీ ఒకటే, రెండున్నర లక్షలు. మీ వినతిపత్రంలో ఇది తప్పకుండా అడగండి.

గొడవంతా ట్యూషన్ ఫీజు దగ్గర వచ్చింది. మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో వేసి, ఆమే కాలేజీకి కట్టాలన్నారు. ఉద్దేశం మంచిదే: కాలేజీకి వెళ్లినప్పుడు పాఠాలు సరిగ్గా చెప్తున్నారా అని అడిగే హక్కు తల్లికి వస్తుంది. ఆచరణలో ఏమైందంటే, విడత ఆలస్యమైతే కాలేజీ ప్రభుత్వాన్ని వదిలేసి తల్లిని పట్టుకుంది. అంతకు ముందు బకాయి ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉండేది. ఖాతా మారగానే అది ఇంటి అప్పు అయి కూర్చుంది. పాత బాకీ ఉన్న బ్యాంకు ఖాతాలో పడి కోత పడిన సందర్భాలూ ఉన్నాయి. 2021లో హైకోర్టు కాలేజీల ఖాతాల్లోనే వేయాలని చెప్పింది. 2024లో ప్రభుత్వం మారాక పాత పేర్లు పోయి, ఫీజు కాలేజీకే వేసే పద్ధతికి తిరిగి వచ్చారు.

నా అభిప్రాయం: ఫీజు కాలేజీకి, మెస్ ఖర్చు విద్యార్థికి. కాలేజీకి జమ అయిన రోజే విద్యార్థి ఫోన్‌కు మొత్తంతో సహా మెసేజ్ రావాలి. తల్లికి ప్రశ్నించే హక్కు కావాలంటే ఆ మెసేజ్ చాలు, డబ్బు ఆమె నెత్తిన పెట్టక్కర్లేదు.

ఎస్సీ విద్యార్థుల విషయం వేరు. 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ మార్చిన పద్ధతి ప్రకారం ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. రాష్ట్రం తన వాటా వేశాకే కేంద్రం తన వాటాను నేరుగా విద్యార్థి ఖాతాకు పంపుతుంది. అంటే రాష్ట్రం 40 ఆపితే 60 కూడా ఆగుతుంది. ఈ ఒక్క వాక్యం వినతిపత్రంలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. సొంత డబ్బు మిగుల్చుకోబోయి కేంద్రం నుంచి వచ్చేదాన్ని కూడా పోగొట్టుకుంటున్నారని ఏ ప్రజాప్రతినిధికైనా వెంటనే అర్థమవుతుంది.

ర్యాంకు_లెక్క:
35 వేల గురించి. తెలంగాణలో కన్వీనర్ కోటాలో (ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా) ఇంజనీరింగ్ సీటు వచ్చిన ఎస్సీ, ఎస్టీ పిల్లలకు పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీలకు ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తి ఫీజు. దాటితే సాధారణంగా గరిష్ఠంగా 35,000. ఇది ఉమ్మడి రాష్ట్రం నాటి అంకె. ఫీజులు మూడేళ్లకోసారి నియంత్రణ కమిటీ సవరిస్తూ పోతోంది, ఈ అంకె మాత్రం కదల్లేదు. 2022లో ఖరారైన ఫీజుల్లో కనిష్ఠమే 45,000. అంటే రాష్ట్రంలో అన్నిటికంటే చవకైన ప్రైవేటు కాలేజీలో చేరినా చేతి నుంచి 10,000 పడుతుంది.

లెక్క వేసి చూపించండి. కాలేజీ ఫీజు 90,000 అనుకుందాం. ర్యాంకు 9,990 వచ్చిన బీసీ అమ్మాయి కట్టాల్సింది సున్నా. 10,010 వచ్చిన అమ్మాయి ఏడాదికి 55,000, నాలుగేళ్లకు 2,20,000. ఇరవై ర్యాంకుల తేడాకు రెండు లక్షల ఇరవై వేలు! ఇది పేదరికాన్ని చూసి పెట్టిన గీత కాదు, ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టిన గీత.

"పరిమితి ఎత్తేయండి" అంటే ఖజానా భరించలేదని ఒక్క ముక్కలో తోసిపుచ్చుతారు. రెండు మెట్లుగా అడగండి. మొదటిది, కమిటీ ఖరారు చేసే కనిష్ఠ ఫీజుకు పరిమితిని ముడిపెట్టాలి; అది పెరిగితే ఇదీ దానంతటదే పెరగాలి. రెండోది, 10,000 దగ్గర ఒక్కసారిగా తెగిపోకుండా ర్యాంకు పెరిగేకొద్దీ సాయం కొంచెం కొంచెంగా తగ్గాలి.

ఆదాయ పరిమితి కూడా వదలొద్దు. బీసీలకు పల్లెల్లో 1,50,000, పట్టణాల్లో 2,00,000. లక్షన్నర అంటే నెలకు 12,500. ఇంట్లో ఇద్దరు కూలికి పోతే అది దాటుతుంది. అందుకే తక్కువ ఆదాయం రాయించుకోవడం అందరికీ అలవాటైపోయింది. గీత వాస్తవానికి దగ్గరగా ఉంటే అబద్ధపు పత్రాల అవసరమే తగ్గుతుంది.

కేంద్రం పెట్టిన విద్యాలక్ష్మి రుణం ఉంది కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2024 నవంబరులో కేబినెట్ ఆమోదించిన ఆ పథకం ఎంపిక చేసిన విద్యాసంస్థలకే, మొదట ప్రకటించినప్పుడు అవి 860. ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు పది లక్షల దాకా రుణంపై మూడు శాతం వడ్డీ రాయితీ. మంచి పథకమే కానీ మండల కేంద్రంలో డిగ్రీ చదివే పిల్లకు అది అక్కరకు రాదు.

మానేరు_తీరం:
చాలా ఉపయోగపడ్డాయి, అందరికీ ధన్యవాదాలు. 60–40 సంగతి మొదటి పేరాలోనే పెడతాను. ఇంకొక్కటి. కోర్సు పూర్తయినా ఫీజు రాలేదని కాలేజీ టీసీ, మెమోలు ఇవ్వట్లేదు. ఇలాంటి పిల్లలు ముగ్గురు నలుగురు ఉన్నారు. పీజీ కౌన్సెలింగ్ దగ్గరకొచ్చింది. వీళ్లకేం చెప్పాలి?

మీసేవ_మెట్లు:
ముందు డబ్బు నిజంగా ఎక్కడ ఆగిందో తేల్చుకోమనండి. చాలామందికి "ప్రభుత్వం వేయలేదు" అన్న మాటే చేరుతుంది, కొన్నిసార్లు తప్పు వేరేచోట ఉంటుంది.

ఈపాస్‌లో దరఖాస్తు నంబరుతో స్థితి చూసి, ఆ పేజీ ప్రింట్ తీసుకోవాలి. బయోమెట్రిక్ దగ్గరే ఆగితే పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు కలవలేదేమో చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంతో ఉంటే చాలు, సరిపోలదు. మెమో ప్రకారం ఆధార్‌నే మార్పించుకోవాలి, మెమోను మార్చడం చాలా కష్టం. కాలేజీ దగ్గర ఆగితే హాజరు 75 శాతం చూపారో లేదో అడగాలి. మంజూరై, విద్యార్థి ఖాతాకు రావాల్సింది రాకపోతే మై ఆధార్ సైట్‌లో బ్యాంకు సీడింగ్, అంటే ఆధార్‌కు ఏ బ్యాంకు లింకైందో చూడండి. డబ్బు వెళ్లేది దరఖాస్తులో రాసిన ఖాతాకు కాదు, ఆధార్‌కు చివరగా లింకైన బ్యాంకుకు. మధ్యలో ఎవరో తెరిపించిన జీరో ఖాతాకు లింకు మారిపోయి, అందులో పడిందని తెలియనివాళ్లు ఉన్నారు. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఆ ఖాతా నిలిచిపోతుంది, కేవైసీ ఇచ్చి తెరిపించుకోవాలి.

ఇక సర్టిఫికెట్లు. నోటిమాటతో తిరగడం మానాలి. ప్రిన్సిపాల్ గారి పేరున దరఖాస్తు రాసి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోవాలి. అందులో మూడు సంగతులు: మంజూరు వివరం, బకాయి ప్రభుత్వం చెల్లించాల్సిందన్న మాట, కౌన్సెలింగ్ తేదీ. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ కాపీ జతచేయండి. ముద్ర వేయనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. నకళ్లు యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, జిల్లా సంక్షేమ అధికారికి, కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి. నలుగురూ కలిసి ఒకే రోజు ఇస్తే ఇంకా బలం.

తప్పనిసరై డబ్బు కట్టాల్సి వస్తే రశీదు మీద "రీయింబర్స్‌మెంట్ విడుదలయ్యాక తిరిగి ఇవ్వబడును" అని రాయించుకోకుండా ఒక్క రూపాయీ కట్టొద్దు. తర్వాత కాలేజీకి ఆ ఫీజు జమ అయిందో లేదో సంక్షేమ శాఖలో సమాచార హక్కు కింద అడగొచ్చు. పది రూపాయల రుసుము, తెల్ల కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

కొత్తగా చేరేవాళ్లకు కూడా చెప్పండి: స్పాట్ అడ్మిషన్ (కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లలో కాలేజీ నేరుగా చేర్చుకునేది), మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు రీయింబర్స్‌మెంట్ రాదు. "మేం చూసుకుంటాం" అని కాలేజీవాళ్లు చెప్పినా రాదు.

ఖజానా_కిటికీ:
పై మాటలకు ఒకటి కలుపుతాను. ఎస్సీ, ఎస్టీ నిధులకు తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది, ఖర్చు కానిది తర్వాతి ఏడాదికి బదిలీ కావాలని అందులో ఉంది. బీసీ, ఈబీసీల ఫీజులు మాత్రం ఉత్తర్వుల మీదే నడుస్తున్నాయి. ఉత్తర్వును ఇంకో ఉత్తర్వుతో మార్చేయొచ్చు. అందుకే చివరి డిమాండ్‌గా "ఫీజు చెల్లింపు గడువుకు, ప్రభుత్వ బకాయి ఉన్నంత మాత్రాన సర్టిఫికెట్ ఆపకూడదన్నదానికి శాసనసభలో చట్టం" అని పెట్టండి. కలెక్టర్ గారి చేతిలో ఉన్నది కాదు కాబట్టి ఈ ముక్క ఎమ్మెల్యే గారికి ఇచ్చే కాపీలో పైకి రావాలి. కలెక్టర్ గారి కాపీలో పెండింగ్ దరఖాస్తుల జాబితా, దరఖాస్తు నంబర్లతో సహా, జతచేయండి. పేరూ నంబరూ ఉన్న కాగితం సెక్షన్‌కు మార్క్ అయి వెళ్తుంది, జాబితా లేనిది ఫైల్లో పడి ఉంటుంది.