నాయకుల మీద పెట్టిన కోవిడ్ కేసులు కోర్టులో ఎందుకు నిలబడవు?

ప్రశ్న (కాచిగూడ):
లాక్‌డౌన్‌లో బ్రిటన్ ప్రధాని కార్యాలయం ఉన్న డౌనింగ్ స్ట్రీట్‌లో జరిగిన విందుల మీద లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు 2022లో దర్యాప్తు చేసి 83 మందికి 126 జరిమానా నోటీసులిచ్చారు. అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్‌కీ, ఆర్థికమంత్రి రిషి సునాక్‌కీ కూడా జరిమానా పడింది. ఇక్కడ 2020-21లో సభలు, ర్యాలీలు పెట్టిన నాయకుల మీద ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 188 కింద ఎఫ్ఐఆర్‌లు అయ్యాయని పేపర్లో చదవడమే గానీ, తర్వాత ఏమైందో తెలియదు. పోలీసులు కావాలనే వదిలేస్తారా, చట్టంలోనే తిరకాసు ఉందా? ఒక కేసు ఎక్కడిదాకా వచ్చిందో బయటివాళ్లు తెలుసుకోవడం ఎలా?

జవాబు (నాంపల్లి, క్రిమినల్ ప్రాక్టీసు):
రెండూ ఉంటాయి. అయితే ఇలాంటి కేసు ఓడిపోయేది ఎక్కువగా వాదనల దగ్గర కాదు, కాగితాల దగ్గర.

ఐపీసీ 188 అంటే అధికారి ఇచ్చిన ఉత్తర్వును ధిక్కరించడం. మామూలుగా నెల రోజుల జైలు లేదా 200 రూపాయల జరిమానా, ప్రాణాలకు ముప్పు తెచ్చేదైతే ఆరు నెలలు లేదా వెయ్యి. అరెస్టుకు వారంటు అక్కర్లేని నేరం కాబట్టి స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ సులువుగా అవుతుంది. అసలు చిక్కు సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 195లో ఉంది. ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ, ఆయన పై అధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు ఆ నేరాన్ని విచారణకు తీసుకోవాలి. పోలీసు ఛార్జ్‌షీట్ దానికి బదులు కాదు. కింది అధికారి సంతకం కూడా చెల్లదు. లాక్‌డౌన్ జీవో సచివాలయం నుంచి వస్తే, దాన్ని ధిక్కరించారని స్టేషన్ ఎస్సై వేసే ఛార్జ్‌షీట్ ఎంత పకడ్బందీగా రాసినా మొదటి వాయిదాలోనే దెబ్బతినే ప్రమాదం ఉంది. నిందితుడి లాయరు కేసు కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేస్తాడు. 188 కింద పోలీసులు ఎఫ్ఐఆర్ కూడా కట్టకూడదని మద్రాసు హైకోర్టు 2018లో జీవానందం కేసులో చెప్పింది. ఈ కేసుల్లో దాన్ని చూపిస్తారు.

కాబట్టి ఎఫ్ఐఆర్ చేతికి రాగానే చూడాల్సింది నాయకుడి పేరు కాదు, ఏ ఉత్తర్వును ధిక్కరించారని రాశారో చూడండి. జీవో నంబరు, తేదీ ఉన్నాయా? పోలీసు కమిషనర్ 144 సెక్షన్ కింద ఇచ్చిన ఉత్తర్వైతే ఫిర్యాదు కమిషనర్ గానీ, ఆయన పై అధికారి గానీ చేయాలి. ‘ప్రభుత్వ ఆదేశాలకు విరుద్ధంగా గుమిగూడారు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, ఆ కేసు పుట్టుకతోనే బలహీనం.

విపత్తు నిర్వహణ చట్టం 51(బి)కి (ఆ చట్టం కింద ఇచ్చిన ఆదేశాలు పాటించకపోవడం) ఏడాది దాకా జైలు ఉంది గానీ దానికీ సెక్షన్ 60 అడ్డుంది. ప్రభుత్వమో, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థో, వాళ్లు అధికారం ఇచ్చిన అధికారో ఫిర్యాదు చేయాలి. అదే సెక్షన్ సామాన్యుడికి కూడా ఒక దారి ఇస్తుంది: ఆ సంస్థకు కనీసం 30 రోజుల నోటీసు ఇచ్చి తానే కోర్టుకు వెళ్లవచ్చు. ఈ దారి చాలామందికి తెలియకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

గడువు సంగతి మరవకండి. ఏడాదికి మించని జైలు శిక్ష ఉన్న నేరాలకు సీఆర్‌పీసీ 468 ప్రకారం ఏడాదే గడువు. కోవిడ్ వల్ల 2022 ఫిబ్రవరి 28 దాకా సుప్రీంకోర్టు మినహాయింపు ఇచ్చినా, ఆ తర్వాత కూడా ఏళ్లు గడిచిపోయాయి. 2021 నాటి సభ మీద ఇప్పుడు కొత్తగా ఫిర్యాదు వేయడం వృథా శ్రమే.

జవాబు (సైఫాబాద్):
పై మాటకు ఒకటి కలుపుతాను. ఐపీసీ 269 (ప్రాణాంతక జబ్బు పాకే పని చేయడం) కూడా పెట్టిన కేసుల్లో, ఆ నేరం వరకు 195 అడ్డు రాదు, ఛార్జ్‌షీట్ నేరుగా వేయవచ్చు. కానీ నిర్లక్ష్యంగా ప్రవర్తించి జబ్బు పాకే అవకాశం ఉన్న పని చేశారని రుజువు చేయాలి. అక్కడ సాక్ష్యం సరిపోదు. ‘ఏ1, మరికొందరు’ అని రాసి, ఏ1గా (మొదటి నిందితుడిగా) స్థానిక కార్యకర్తను పెడతారు. వేదిక మీదున్న నాయకుడి పేరు ఉండదు. సభ ఎవరి పేరు మీద జరిగిందో చెప్పే కాగితాలు, ఫంక్షన్ హాల్ బుకింగ్ రసీదు, మైకు, షామియానా వాళ్ల బిల్లు తెచ్చుకుంటే నిర్వాహకుడెవరో తేలిపోతుంది. వాట్సాప్‌లో తిరిగిన వీడియోకు సాక్ష్య చట్టం 65బి ధ్రువపత్రం (ఎలక్ట్రానిక్ కాపీ ఎక్కడి నుంచి, ఎలా తీశారో చెప్పేది) లేకపోతే కోర్టు తీసుకోదు. తీసిన ఫోను ఎవరిదో కనుక్కొని అసలు ఫైలు సేకరించాలి. లండన్‌లో కూడా మెట్ పోలీసులు మొదట పాత ఘటనల జోలికి వెళ్లబోమన్నారు. తర్వాత 204 ప్రశ్నావళులు పంపి, 510 ఫొటోలు, సీసీటీవీ చిత్రాలు, తలుపుల దగ్గరి రాకపోకల రికార్డులు చూశాకే నోటీసులిచ్చారు. పైగా అక్కడ జరిమానా కట్టేస్తే కోర్టు దాకా వెళ్లక్కర్లేదు. రెండు పద్ధతులూ ఒకటి కావు, ఆ తేడా గుర్తుపెట్టుకొని పోల్చాలి.

ప్రశ్న వేసినవారు:
చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. కేసు ఇప్పుడు ఏ దశలో ఉందో చూడటానికి?

జవాబు (నాంపల్లి, క్రిమినల్ ప్రాక్టీసు):
స్టేషన్ పేరు, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం ఉంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో ‘ఎఫ్ఐఆర్ నంబరు’ అనే వరుసలో వెతకండి. ఎంపీ, ఎమ్మెల్యేల కేసైతే నాంపల్లిలోని ప్రజాప్రతినిధుల కోర్టు జాబితా చూడాలి. సీసీ నంబరు (కోర్టు ఇచ్చే కేసు నంబరు) రాలేదంటే ఛార్జ్‌షీట్ పడలేదనో, కోర్టు తీసుకోలేదనో అర్థం. అప్పుడు పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టి మూడే అడగండి: తుది నివేదిక ఎప్పుడు, ఏ కోర్టులో వేశారు, 195 కింద ఫిర్యాదు ఎవరు సంతకం చేశారు, కేసు మూసేస్తే ఏ కారణం రాశారు. దర్యాప్తు సాగుతోందని ఆర్టీఐ చట్టం 8(1)(హెచ్) చూపి తిప్పి పంపితే, సమాచారం ఇవ్వడం వల్ల దర్యాప్తుకు ఎలా ఆటంకమో రాయమని మొదటి అప్పీలులో పట్టుబట్టండి.

ఇంకో సంగతి. ప్రభుత్వం కేసు ఉపసంహరించుకుందని ఎవరైనా చెబితే హైకోర్టు అనుమతి ఉత్తర్వు అడగండి. ఎంపీ, ఎమ్మెల్యేల మీది కేసులు, మాజీలవైనా సరే, ఆ అనుమతి లేకుండా వెనక్కి తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2021 ఆగస్టు 10న చెప్పింది.

జవాబు (సైఫాబాద్):
2024 జులై 1 నుంచి జరిగే నేరాలకు ఐపీసీ బదులు బీఎన్ఎస్, సీఆర్‌పీసీ బదులు బీఎన్ఎస్ఎస్ వచ్చాయి, సెక్షన్ల నంబర్లు మారాయి: 188 స్థానంలో బీఎన్ఎస్ 223, 269 స్థానంలో 271, 195 స్థానంలో బీఎన్ఎస్ఎస్ 215. ఉత్తర్వు ఇచ్చిన అధికారి ఇంకో అధికారికి అధికారం ఇచ్చి ఫిర్యాదు చేయించే వీలు 215లో కొత్తగా వచ్చింది. ఇకపై ‘సంతకానికి అధికారి దొరకలేదు’ అన్న సాకు చెల్లదు. 2020-21 నేరాలకు మాత్రం పాత ఐపీసీ సెక్షన్లే.